అమ్మ గడ్డను బాపు చేనులో పెట్టొచ్చిన రోజు

ఇవాళ పొద్దున నా రొమ్ములోని గడ్డ నుంచి సూదితో తీసిన ముక్కను నర్సు సీసాలో వేసి, నా పేరున్న చీటీ అంటించి, నా కళ్లముందే ల్యాబ్‌కు పంపించేసింది. రిపోర్టుకు వారం పడుతుందట. పాప నిద్రపోయింది. చేతులు ఊరికే ఉంటే భయమేస్తోంది, అందుకే రాస్తున్నాను.

నేను డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగా అమ్మకూ ఇలాగే గడ్డ వచ్చింది. కొత్తూరులో ఒక చిన్న దవాఖానలో ఆపరేషన్ చేసి, తీసిన గడ్డను మందునీళ్ల సీసాలో పెట్టి, పట్నంలోని ల్యాబ్‌లో ఇచ్చి రమ్మని బాపు చేతికే ఇచ్చారు. కొన్ని గడ్డలు ఒంట్లోని హార్మోన్లను పట్టుకొని పెరుగుతాయనీ, అట్లా పట్టుకునే రిసెప్టర్లు ఆ కణాల్లో ఉంటేనే హార్మోన్లను అడ్డుకునే గోలీలు పనిచేస్తాయనీ, లేకుంటే ఎన్ని మింగినా లాభం లేదనీ డాక్టరు నాకు చెప్పాడు. అది తేల్చేది ఆ సీసానే. కానీ తండ్రి ముందు రొమ్ము గురించి మాట్లాడడానికి సిగ్గేసి, నేను బాపుకు ఏమీ విడమర్చి చెప్పలేదు.

మర్నాడు పొద్దున దవాఖానకొచ్చిన బాపును అడిగాను.

"ల్యాబ్‌ల ఇచ్చినవా బాపూ?"

"ఇచ్చుడేంది? డాక్టర్ సాబ్ కోసి చూసిండు గదా. చేన్ల పెట్టొచ్చిన. మీ అమ్మ ఒంటిది ఎవని బల్ల మీదనో ఎందుకు పడుండాలె?"

మా ఇళ్లలో బిడ్డ పుట్టినప్పటి మాయనైనా, ఫ్యాక్టరీలో తెగిపోయిన చిన్నాయన వేలినైనా సొంత మట్టిలోనే పూడ్చిపెడతారు. బాపు తప్పేమీ అనుకోలేదు. నేను ఏడుస్తూ అంతా చెబుతుంటే, మంచం మీది నుంచి అమ్మ, "సగం అప్పుడే సాగనంపినవా? జర ఆగితే మొత్తం ఒక్కసారే పోతుంటి గద" అని నవ్వబోయి, కుట్లు లాగి మూలిగింది.

మహేశ్వరం దగ్గరి మా చేనులో, నెత్తి మీద విమానాలు దిగుతుంటే, పెట్టినదాన్ని మళ్లీ తీయగూడదని బాపు కాసేపు మొండికేశాడు. నేను పార అందుకునేసరికి తనే లాక్కొని తవ్వాడు. సీసా మూత ఊడలేదు. మందునీళ్లు కారిపోలేదు. ఆటోలో పట్నం దాకా ఆ సీసాను ఒడిలో పట్టుకొని కూర్చున్నాను. ల్యాబ్‌లో పనిచేసే ఆమె సీసాను వెలుతురుకెత్తి చూసి, ఎండిపోయుంటే రిసెప్టర్లు ఉన్నా కనిపించకపోయేవని అంది.

పదిరోజులకు రిపోర్టు వచ్చింది. రిసెప్టర్లు ఉన్నాయి. అమ్మ ఐదేళ్లు ఆ గోలీలు మింగింది, ఇప్పుడు నా బిడ్డను ఎత్తుకొని తిప్పుతోంది.

ఆనాటి భయంలో కోప్పడడానికి నాకు బాపు ఉన్నాడు, పరుగెత్తడానికి దారి ఉంది. ఇప్పుడు అందరూ అన్నీ సరిగ్గానే చేస్తున్నారు, నేను చేయడానికే ఏమీ మిగల్లేదు.