బావ బండి లైటు

ఒక అబద్ధాన్ని ఏళ్ళుగా మోస్తున్నాను. బరువు తగ్గలేదు, అలవాటైందంతే. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మా బావ, అంటే అక్క భర్త, నాచారంలో ఒక ఫ్యాక్టరీలో సరుకు ఎత్తి పెట్టే ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. ఉప్పల్‌లో ఒకే గల్లీలో ఉండేవాళ్ళం. మొదటి షిఫ్టుకు తెల్లవారకముందే బండి మీద బయలుదేరేవాడు. నీ బండి లైటు కంటే మా దేవుడి గూట్లో దీపం నయం బావా, అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. బావను ఆ మాత్రం ఆటపట్టించే హక్కు బామ్మర్దికి ఉంటుంది కదా. ఆయన నవ్వేవాడే తప్ప లైటు మార్చమని ఎన్నడూ అడగలేదు. నేనే వెంటపడ్డాను.

ఒక ఆదివారం వాకిట్లో బండి విప్పాను. ఎక్కువ వాట్ల బల్బు తెచ్చాను. దానికి రిలే పెట్టాలి. బ్యాటరీ నుంచి మందపాటి వైరుతో బల్బుకు నేరుగా కరెంటు అందించే చిన్న డబ్బీ అది. లేకపోతే ఆ భారమంతా పాత సన్న వైర్ల మీద పడుతుంది. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు. దుకాణంలో రిలే అయిపోయింది, వచ్చే ఆదివారం పెడదామనుకున్నాను. అప్పటిదాకా ఆగితే ఏం పోయేది? కానీ అక్క, మేనకోడలు, గల్లీవాళ్ళు అప్పటికే చుట్టూ చేరారు. రిలే లేకుండానే బల్బు బిగించేశాను. స్విచ్ నొక్కితే ఎదురింటి గోడ తెల్లగా మెరిసింది. అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు కోసమే చేశానేమో.

ఆ వారం మధ్యలోనే బావ నాచారం దారిలో డివైడర్‌కు కొట్టుకుని పడ్డాడు. భుజం విరిగింది. బండిని ఎవరో ట్రాలీ ఆటోలో ఇంటికి చేర్చారు. అందరూ దవాఖానాకు పరుగెత్తితే, నేను ముందు లైటు విప్పాను. వైర్లు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఏం చేయాలో ఆలోచించానా? లేదు, చేతులే చేసేశాయి. కాలినదంతా కత్తిరించి కొత్త వైరు వేశాను. ఈసారి హబ్సిగూడ దాకా వెళ్ళి రిలే కూడా తెచ్చి పెట్టాను. వెతికితే ఆ ఆదివారం కూడా దొరికేదే. లైటు వెలుగుతోందని చూసుకుని, అప్పుడు దవాఖానాకు వెళ్ళాను.

బావ నన్ను చూడగానే అడిగాడు.

"లైట్ బందైందారా? ఒక్కసారే అంత చీకటైంది."

"లేదు బావా. నేను సూసిన. లైట్ మంచిగనే ఎల్గుతుంది."

ఆయన కట్టు లేని చేత్తో కళ్ళు నులుముకున్నాడు.

"గట్లనా. అయితే నాకే కండ్లు తిరిగినట్టున్నయ్."

కాదని అనడానికి ఎంతసేపు పడుతుంది? తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

డాక్టర్లు తలకు స్కానింగ్ తీసి ఏమీ లేదన్నారు. బావ వాళ్ళను నమ్మలేదు, నన్ను నమ్మాడు. తనంతట తానే ఫ్యాక్టరీకి వెళ్ళి, నాకు కళ్ళు తిరుగుతాయి, నలుగురు మనుషులు తిరిగే చోట ఫోర్క్‌లిఫ్ట్ నడపలేనని చెప్పేశాడు. ఆయన అలాంటి మనిషి. గేటు దగ్గర కాపలాకు కూర్చోబెట్టారు. మళ్ళీ బండి ముట్టలేదు. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆయనకు కళ్ళు తిరగలేదు. ఎలా తిరుగుతాయి?

ఇన్నేళ్ళ తర్వాత చెబితే ఆయన మనసు విరుగుతుందని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను. అదీ అబద్ధమే. అక్క గడప తొక్కనివ్వదని నా భయం.

మొన్న మేనకోడలు తన పసివాణ్ణి బావ చేతికివ్వబోయింది. ఆయన వెనక్కి తగ్గాడు. చాప పరిపించుకుని, కూర్చుని, అప్పుడు ఒళ్ళో పెట్టించుకున్నాడు. నిలబడి ఎత్తుకుంటే ఎక్కడ కళ్ళు తిరిగి పడేస్తానోనని భయం. నేను పక్కనే ఉన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నోరు విప్పలేదు.

ఆయన ముందు ఎప్పటికైనా విప్పుతానో లేదో తెలియదు. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. మీ ముందు మాత్రం ఆ రోజు అనాల్సిన మాట ఒక్కసారి పైకి అంటాను. అంటుంటేనే ఊపిరి కాస్త ఆడుతోంది.

బావా, నీ కండ్లకు ఏం గాలే. లైటే బందైంది.