నేను దిద్దిన సాక్ష్యం

మా ప్రార్థన మందిరం గోడ పక్కనున్న బోరు నీళ్ళు తియ్యగా ఉంటాయి. ఆ మాట ఇప్పటికీ అబద్ధం కాదు. హోసూరు నుంచి బేరిగై పోయే రోడ్డులో స్థలం కొన్న కొత్తలో రెండు చోట్ల బోరు వేయిస్తే దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మూడోసారికి ముందు ఆడవాళ్ళమంతా మూడు రోజులు ఉపవాస ప్రార్థన చేశాం. రిగ్గు లారీ చప్పుడుకు మా పాట మాకే వినబడలేదు. మధ్యాహ్నానికి నీళ్ళు ఎగిరిపడితే ఆ బురదలోనే మోకరించాం. నా పక్కన మోకరించిన ఆమె చంకలో ఏడాది పిల్ల ఉంది. ఆ తల్లి గురించీ ఆ పిల్ల గురించీ రాయాలనే ఇప్పుడు కూర్చున్నాను.

ఆ రోజు నుంచి వాటిని బోరు నీళ్ళు అని మేమెవరమూ అనలేదు. జవాబు నీళ్ళు అన్నాం. ఆదివారం ఆరాధన అయ్యాక కొళాయి దగ్గర క్యాన్లు వరసగా ఉండేవి. జూజువాడి వైపు గదుల్లో ఉండి ఫ్యాక్టరీలకు పోయే ఆంధ్రా పిల్లలు సీసాల్లో పట్టుకునేవాళ్ళు. ఆ తల్లి మాత్రం వారానికి సరిపడా రెండు పెద్ద క్యాన్లు మోసుకుపోయేది. ఊళ్ళోకి కావేరి నీళ్ళ పైపు వచ్చినా ఆమె ఆ నీళ్ళు ఆవులకు పోసింది, తాను తాగలేదు. "బ్లీచింగు వాసన అక్కా. దేవుడిచ్చింది పెట్టుకొని గవర్మెంటుది ఎవరు తాగేది?" అనేది.

ఆమె భర్త పోయి చాలా కాలమైంది. ఉన్న కాస్త భూమిని రోజాపూల షెడ్లవాళ్ళకు గుత్తకిచ్చి, ఆ షెడ్లలోనే పూలు కోసే కూలికి పోతుంది. కొన్నేళ్ళుగా ఆమె మోకాళ్ళు వంగడం తగ్గింది. తర్వాత నడుము పట్టేసింది. ఇప్పుడు ఎవరైనా పిలిస్తే మెడ తిరగదు, మనిషంతా తిరిగి చూస్తుంది. మా ప్రార్థన చీటీలో మొదటి పేరు ఎప్పుడూ ఆమెదే. పొద్దస్తమానం నిలబడి పని చేస్తే రాదా అనుకున్నాం.

నేను ఆ సంఘంలో ఇరవై ఏళ్ళకు పైగా సండే స్కూల్ చెప్పాను. మా పిల్లల్లో చాలామంది పళ్ళ మీద గోధుమరంగు గీతలుండేవి. తోముకోకుండా దేవుని సన్నిధికి వస్తారా అని వాళ్ళను తిట్టేదాన్ని. బోరు దగ్గర చంకలో ఉన్న ఈ పిల్లకు ఎనిమిదేళ్ళప్పుడు క్రిస్మస్ పాటకు ముందు వరసలో నిలబెట్టి, "నోరు అంత పెద్దగా తెరవొద్దు పాపా" అన్నాను. ఆనాటి నుంచి ఆ పిల్ల పెదాలు సగం మూసుకునే పాడింది. నేను అన్న ఆ మాట నాకు గుర్తులేదు. ఈ మధ్య తనే చెప్పింది, నవ్వుతూ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని.

ఆ పిల్ల ఇప్పుడు కృష్ణగిరిలో డిగ్రీ ఆఖరి సంవత్సరం, కెమిస్ట్రీ. పోయిన వేసవి మొదట్లో ఒక ఆదివారం చిన్న ప్లాస్టిక్ పెట్టెతో వచ్చి నన్ను కొళాయి దగ్గరికి పిలిచింది. కాలేజీలో పని ఇచ్చారంట. ఎవరి ఊళ్ళో నీళ్ళు వాళ్ళు పరీక్షించాలి. ఆ తర్వాత ఊరివాళ్ళతో కూర్చొని మాట్లాడాలి.

"ఫలితం రాసేది సగం పనేనంట ఆంటీ. జనం ఏమడిగినారు, మనం ఏం చెప్పినాము, వాళ్ళేమన్నారు, అదంతా రాసేది మిగతా సగం."

గాజు గొట్టంలో నీళ్ళు పట్టి మందు చుక్కలు వేసింది. ఎర్రగా ఉంటే మంచిదని, పసుప్పచ్చకు తిరిగితే ఫ్లోరైడు ఎక్కువని చెప్పింది. మేము చూస్తుండగానే ఎరుపు పోయింది. వాంతి రంగు లాంటి పసుపు వచ్చింది. ఆ పిల్ల గొట్టాన్ని చాలాసేపు వెలుతురుకు పట్టుకొని చూసింది.

"ఆంటీ, ఇది పళ్ళను పట్టేది. ఏండ్లు తాగితే ఎముకల్నీ పట్టేది. మా అమ్మ మోకాళ్ళు దీనివల్లే అని నేను చెప్పలేను. కావచ్చు. ఆపి చూస్తే తెలుస్తాది గదా?"

పెట్టె పరీక్షను నమ్మొద్దు, సర్కారు ల్యాబులో అడుగుదామన్నాను. ఇద్దరం కృష్ణగిరి బస్సెక్కాం. బస్టాండు బయట మామిడికాయల గంపలు రోడ్డు మీదికి వచ్చేసి ఉన్నాయి. దారంతా ఆ పిల్ల నీళ్ళ క్యాను ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. కండక్టరు చూసి, "ఏమమ్మా, గంగాతీర్థమా? లగేజీ టికెట్టు కొట్టేదా?" అన్నాడు.

"తీర్థమో కాదో తెలుసుకోనుకే పోతా ఉండాము అన్నా" అంది.

వారం తర్వాత కాగితం వచ్చింది. ఆ ఆఫీసరు తమిళంలో నిదానంగా చెప్పాడు. తాగడానికీ వంటకూ వద్దు, గుడ్డలకూ స్నానానికీ పర్వాలేదు. కాచినా పోదు, ఇంకా చిక్కబడుతుంది. ఆ పిల్ల అదంతా రాసుకుంది. బయటికి వచ్చాక నన్నడిగింది: "మా అమ్మ నా మాట వినదు ఆంటీ. మందిరంలో చెప్తే వింటాది. అందరూ కూర్చొని అడుగుతారు గదా, నేను జవాబు చెప్తాను. తెలీనిది తెలీదంటాను."

మా పాస్టరు అయ్యగారు మంచివారు. ఈ మాట రాసేటప్పుడు నాకు వెనకాడాల్సిన పని లేదు. మా కష్టాల్లో అర్ధరాత్రీ అపరాత్రీ చూడకుండా వచ్చి నిలబడిన మనిషి. నేను తీసుకెళ్ళిన కాగితం చదివి, కళ్ళజోడు తీసి, "మందిరంలో ప్రశ్నలూ జవాబులూ వద్దమ్మా. ఒకడు బోరు గురించి అడిగితే ఇంకొకడు ప్రార్థన గురించి అడుగుతాడు. కొత్తగా వచ్చినవాళ్ళు జారిపోతారు" అన్నారు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకొని, "సాక్ష్యంగా చెప్పమను. ఐదు నిమిషాలిస్తాను" అన్నారు.

నాకు సంతోషమేసింది. గెలిచాననుకున్నాను.

మా ఇంటి వంటగదిలో ఆ పిల్ల రాసుకొచ్చినది చదివాను. మొదట్లో స్తోత్రం లేదు, చివర ఆమెన్ లేదు. నడుమ "కావచ్చు" అని మూడు చోట్ల ఉంది. ఆఖర్న, "మీకు ఏమి అనిపిస్తుందో చెప్పండి" అని ఉంది. నేను ఎర్ర పెన్ను తీసుకున్నాను. పిల్లలకు వాక్యం కంఠతా పట్టించి దిద్దే పెన్నే. పైన కృతజ్ఞతలు చేర్చాను. మూడు "కావచ్చు"లూ కొట్టేశాను. ప్రశ్న కొట్టేశాను. దాని చోట, "దేవుడు ఈ నీళ్ళ విషయంలో తన కార్యం చేస్తాడని నమ్ముతున్నాను" అని రాశాను.

"ఆంటీ, కావచ్చు తీసేస్తే అది అబద్ధమవుతాది గదా?"

"సాక్ష్యంలో అనుమానం పనికిరాదమ్మా. జనం పట్టుకుంటారు."

"అది అనుమానం కాదు ఆంటీ. జాగ్రత్త."

"నాకు ఈ జనం ఇరవై ఏండ్లుగా తెలుసు. నా మాట విను."

విన్నది. ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ నా మాట వినేది.

మా సంఘంలో సాక్ష్యం చెప్పేవాళ్ళు గట్టెక్కాకే చెబుతారు. జబ్బు తగ్గాకే జబ్బు గురించి, ఉద్యోగం దొరికాకే ఉద్యోగం లేని రోజుల గురించి లేచి నిలబడతారు. ఇంకా మునుగుతున్నవాడు సాక్ష్యం చెప్పడు, చీటీ రాసిస్తాడు. ఇరవై ఏళ్ళు ఆ వరసల్లో కూర్చున్న నాకు ఇది తెలిసి ఉండాల్సింది. తట్టలేదు.

ఆదివారం ఆ పిల్ల లేచింది. కాగితం విప్పింది. నీళ్ళలో దోషముందని, కృష్ణగిరిలో పరీక్ష చేయించామని, పళ్ళకూ ఎముకలకూ చెడ్డదని చెప్పింది. ప్రతి వాక్యానికీ స్తోత్రం, స్తోత్రం అంటూనే ఉన్నారు. నేను రాసిన చివరి వాక్యం చదివేసరికి మందిరమంతా చప్పట్లు. అందరికంటే ముందు గట్టిగా ఆమెన్ అన్నది నేనే. అలవాటు.

ఆ తల్లి గోడ పట్టుకొని లేచి నిలబడింది. ఏడుస్తోంది. "నా బిడ్డ చేత నీళ్ళలో దోషం చూపించినాడు. చూపించినవాడు తీసెయ్యకుండా ఉంటాడా? తీసేసినాడు, నేను నమ్మినాను!" అంది. ఆ మాట అక్కడున్న అందరూ అందుకున్నారు. అయ్యగారి కళ్ళలో కూడా నీళ్ళు. అందరం బయటికి నడిచాం. ఆయన కొళాయి మీద చెయ్యి పెట్టి, చేదు నీళ్ళను తీపి చేసినవాడా అని ప్రార్థించారు. తర్వాత క్యాన్లు వరసకొచ్చాయి. ఆ వారం మామూలుకన్నా ఎక్కువే వచ్చాయి.

ఆ పిల్ల కాగితం చేతిలో పట్టుకొని మెట్ల మీద నిలబడింది. ఎవరైనా వచ్చి అడుగుతారని చూస్తోంది. ఒక్కడు వచ్చాడు, ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగు చేసే రాజమండ్రి అబ్బాయి.

"మళ్ళీ టెస్ట్ చేస్తారాండీ? మా కంపెనీలో రీవర్క్ చేసిన పీసును మళ్ళీ చెక్ చేయందే బయటికి పంపరు."

పక్కనున్న స్నేహితుడు వాడి వీపు మీద కొట్టి, "ఒరేయ్, దేవుడికి కూడా రిజెక్షన్ స్టిక్కర్ వేస్తావేంట్రా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మరుసటి ఆదివారం ఆ పిల్ల మళ్ళీ చుక్కలు వేసింది. మళ్ళీ అదే పసుపు. తల్లి చూసి గొట్టం లాక్కొని నేల మీద పారబోసింది. "దేవునికే పరీక్ష పెడతావేమే? నీ చదువు నా విశ్వాసాన్ని తినేదానికా?" అంది. నలుగురి ముందూ అంది. ఆ పిల్ల పెట్టె మూసేసి నా వైపు చూసింది. నేను అప్పుడైనా నోరు తెరవాల్సింది. ఇంటికి పోయి మాట్లాడదాంలే అనుకున్నాను.

తర్వాత మాట్లాడాను. పెద్దల కూటంలో లేచి, ఆ నీళ్ళు తాగడం ఆపుదాం, ప్రార్థన ఆపొద్దు, నీళ్ళు మాత్రం ఆపుదాం అన్నాను. బోరు దేవుడే ఇచ్చాడని నేను నేటికీ నమ్ముతున్నాను. గుడ్డలు ఉతుక్కోవడానికి ఇచ్చి ఉండొచ్చుగదా అన్నాను. ఒక పెద్దాయన మెత్తగానే అడిగారు: "సాక్ష్యం రాసిచ్చింది మీరేనంట గదమ్మా. దేవుడు కార్యం చేస్తాడని మీరే రాసి, ఆమెన్ కూడా మీరే అని, ఇప్పుడు చెయ్యలేదంటే ఎట్ల? రెండింటిలో ఏది అబద్ధం?" కూటం తర్వాతి విషయానికి పోయింది, రేకుల కప్పు మరమ్మతుకు.

ఆ పిల్ల మందిరానికి రావడం తగ్గించింది. ఒకరోజు హోసూరు బస్టాండులో కలిసింది. కాలేజీలో ఇచ్చిన పని ముగించావా అని అడిగాను.

"ముగించినాను ఆంటీ. జనం ఏమన్నారు అని రాసే చోట ఒకటే మాట రాసినాను. ఆమెన్ అన్నారని." గొంతు తగ్గించి, "మా అమ్మకు మీరు చెప్పండి. ఈడ ఆమె వినేది మీ మాటొక్కటే. నేను ఆర్నెల్లు అడగలేదు, ఒక్క నెల ఆ పైపు నీళ్ళు తాగి చూడమన్నాను. తగ్గకపోతే నేనే మోసుకొస్తానన్నాను ఈ నీళ్ళు" అంది. బస్సు వచ్చింది. ఎక్కిపోయింది.

ఆ వచ్చే ఆదివారం కొళాయి దగ్గర తల్లిని పట్టుకున్నాను. ఆమె ఇప్పుడు మోకరించలేకపోతోంది, మందిరంలో ఆమెకు ప్లాస్టిక్ కుర్చీ వేస్తున్నారు. ఒక చేత్తో గోడ పట్టుకొని, క్యాను మూతి కాలితో కొళాయి కిందికి జరుపుతోంది.

"ఈ నీళ్ళు తాగొద్దమ్మా" అన్నాను. "నేను తప్పుగా రాసినాను. నీ బిడ్డ రాసింది వేరే. కావచ్చు అని రాసింది, ఆపి చూద్దామని రాసింది. నేను కొట్టేసినాను."

ఆమె మనిషంతా తిరిగి నన్ను చూసింది. కోపం లేదు. జాలిపడింది.

"అక్కా, నువ్వే ఇట్ల అంటే ఎట్ల? నీ వెనకాల నిలబడే గదా నేను ప్రార్థన నేర్చినాను. ఇది నీకు వచ్చిన శోధన. ఊరికే ఉండు, పోతాది." మూత బిగించింది. "నీ కోసరము నేను ప్రార్థన చేస్తాను."

"ఒక్క నెల. నా కోసం."

"ఒక్క నెల విడిచిపెడితే ఇన్నేండ్లు నమ్మింది ఏమయితాది అక్కా?"

క్యాను ఎత్తబోయింది. సగం లేచి ఆగిపోయింది. నడుము రాలేదు. పళ్ళు బిగించి ఇంకోసారి ఎత్తింది. నీళ్ళు కదిలాయి, క్యాను కదల్లేదు. చుట్టుపక్కల ఎవరూ లేరు. అందరూ వెళ్ళిపోయారు. ఆమె నా వైపు చూసి, "అక్కా, కొంచెం పట్టు" అంది.

పట్టకుండా ఉండలేకపోయాను. అంత నొప్పితో ఉన్న మనిషిని ఎండలో వదిలి వెళ్ళడం నాకు చేతకాలేదు. రెండు క్యాన్లూ నేనే ఎత్తాను. ఆమె నా భుజం పట్టుకొని నడిచింది. దారిలో మూడుసార్లు దించి చేయి మార్చుకున్నాను. ఒకసారి కింద పెట్టినప్పుడు మూత తీసి పారబోసేద్దామా అనుకున్నాను. ఆమె నా భుజం మీద చెయ్యి తియ్యలేదు.

ఇంటి తలుపు ఆ పిల్ల తీసింది. పొయ్యి దగ్గర నుంచి వచ్చినట్టుంది, చేతులకు పిండి అంటుకొని ఉంది. తల్లిని చూసింది, నన్ను చూసింది, నా రెండు చేతుల్లో ఉన్నవి చూసింది.

"పెట్టండి ఆంటీ" అని పక్కకు జరిగింది. "ఆడ, మూలలో. అమ్మ తాగే నీళ్ళు ఆడనే పెడతాము."