కొబ్బరినూనె పట్టించిన తుపాకీ

నేను బర్మా దేశంలోని రంగం యుద్ధానికి ఓడెక్కి వెళ్లిన సిపాయిని. ఆ కబుర్లు చెప్పమని ఊళ్లోవాళ్లు ఇప్పటికీ వెంటపడతారు. ఏం చెప్పను, నా మొహం! యుద్ధమంటే ముప్పాతిక భాగం తుపాకీకి ఊడిగం చేయడమే. మనం అన్నం వండుకోకపోయినా దానికి తలంటి పొయ్యాలి. తూటా కాగితం పంటితో చింపితే మందు పడి నోరంతా ఉప్పగా, నల్లగా అయ్యేది. తడిసిన పంచె ఆరేసుకునే దండెమూ అదే, వాగులో లోతు చూసే కర్రా అదే.

మా బావమరిది కూడా నా పటాలంలోనే ఉండేవాడు. బయలుదేరేముందు నా భార్య వాడి చెయ్యి నా చేతిలో పెట్టి, "ఏవండీ, నాకున్నది వీడొక్కడేనండి. మళ్లీ మీరే నాకు అప్పజెప్పాలి" అంది. "ఆయ్, అలాగే" అన్నాను. ఆ దేశంలో ఉన్నన్నాళ్లూ ఆ మాట నా గుండెల మీద కుంపటే.

సర్కారువారు తుపాకీకి ఇచ్చే నూనె కంపు కొట్టేది. కోనసీమవాళ్లం, కొబ్బరినూనె ఉండగా ఇంకోటి ముట్టుకుంటామా? ఇంటి నుంచి తెచ్చుకున్నది తలకీ రాసుకున్నాం, తుపాకీకీ పట్టించాం. రంగంలో బాగానే ఉంది. ఎగువ కొండల్లోకి వెళ్లేసరికి చలికాలం వచ్చింది. చలికి కొబ్బరినూనె పేరుకుంటుందని మాకు తెలియదా? తెలుసు. తుపాకీ లోపల కూడా పేరుకుంటుందని మాత్రం ఎవడికీ తోచలేదు.

ఒకరోజు పొద్దు పొడిచే వేళ నేను కాపలా ఉన్నాను. మంచులోంచి ఓ మనిషి ఆకారం నా మీదికే వస్తోంది. "ఎవరది?" అన్నాను. జవాబు లేదు. మళ్లీ అరిచాను. ఊహూఁ. పలకనివాణ్ణి కాల్చేయమని హుకుం. గురిపెట్టి మీట నొక్కాను. మందు పేల్చే సుత్తి టక్కుమని కదిలి, పేరుకున్న నూనెలో ఇరుక్కుని సగంలో ఆగిపోయింది.

ఆ ఆకారం నోట్లోంచి చుట్ట తీసింది. "నేనే బావగారూ!"

వెధవ, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ లాగుతూ వస్తున్నాడు! నోట్లో నిప్పున్నవాడు ఏం పలుకుతాడు? తుపాకీ పారేసి, వాడి చెంప మీద ఒక్కటిచ్చి, కావలించుకుని భోరున ఏడ్చాను. ఆ టక్కుమన్న చప్పుడు వాడూ విన్నాడు.

ఇంటికి తిరిగొచ్చిన రోజు నా భార్య పడవ రేవులోకి పరుగెత్తుకొచ్చింది. తమ్ముడి మొహం రెండు చేతులా తడిమి చూసుకుని, నా వైపు తిరిగి, "మావాణ్ణి బాగా చూసుకున్నారా అండి?" అంది. నేను మూట దించే వంకతో పడవ వైపు తిరిగాను.

వాడే అందుకున్నాడు. "బావగారు లేకపోతే నేను లేనక్కా. కంటికి రెప్పలా చూసేరు."

ఆ పిచ్చిది రేవులో అందరి ముందూ వంగి నా కాళ్లకు దణ్ణం పెట్టింది. నేను కాళ్లు వెనక్కి లాక్కోబోతే, వాడు కళ్లతోనే వద్దన్నాడు.