ఇద్దరి పేర్ల కార్డు

ముందు తాళంచెవుల గలగల వినిపిస్తుంది. ఆ తర్వాతే తలుపు సందులోంచి ఆయన వంగిన భుజం కనిపిస్తుంది. ప్రభుత్వాసుపత్రిలో, పెద్దవాళ్ళ వైద్య బీమా కౌంటరు ఎదుటి బెంచీ చివర, తాళాలు బాగుచేసే ఆ ముసలాయన రోజూ పొద్దున్నే వచ్చి కూర్చుంటాడు. నడుముకి తాళాల గుత్తి, గోళ్ళ అంచున ఇనుపరజను నలుపు. ముసలి జంట ఏదైనా వస్తే చాలు, పలకరించకుండా ఉండలేడు. "నీకిక్కడ ఉద్యోగమిచ్చారా తాతా?" అని కౌంటరు అమ్మాయి నవ్వుతుంది. "జీతమంతా నువ్వే మింగుతున్నావుగా, ఇక నాకెక్కడిది!" అంటాడు, చూపు మాత్రం వాకిలి మీదే ఉంచి.

ఒకరోజు నేను ఆయన పక్కనే కూర్చున్నాను. ఒక పెద్దావిడ కడుపు చేత్తో అదుముకుని భర్తతో గొణిగింది: "నాకొద్దులెండి. ఉన్న బీమా నా మీదే అయిపోతే, రేపు మీ కళ్ళ ఆపరేషన్‌కి ఏముంటుంది?"

ముసలాయన చివ్వున లేచాడు. "కార్డు ఒకటేనమ్మా, బీమా మాత్రం ఇద్దరికీ విడివిడిగా ఉంది. నువ్వు దాచినా నీది ఆయనకి రాదు. వెళ్ళి చూపించుకో తల్లీ."

ఆవిడ కౌంటరు వైపు చూసింది. అమ్మాయి అవునని తలూపింది. వాళ్ళు లోపలికి వెళ్ళేదాకా ఆయన నిలబడే ఉన్నాడు. తర్వాత కూర్చుని, జేబులోని కార్డుని ఎండుటాకుని తాకినంత మెల్లగా తడిమాడు.

"మాకీ ముక్క ఎవరూ చెప్పలేదు బాబూ. నా గుండెజబ్బుకి ఉంచాలని, మా ఆవిడ తన కడుపునొప్పి పైకి చెప్పకుండానే పోయింది. నా గుండెకి ఇప్పటికీ ఏమీ కాలేదు."