చెట్టు చుట్టూ కట్టిన షెడ్డు

మా ఎదురింటి లాకు సూపర్నెంటు గారు మొన్న మంగళవారం పొద్దున్న పోయారు. కాఫీ తాగి అరుగు మీద కుర్చీలో కూర్చున్నారు, అలాగే ఉండిపోయారు. ముందురోజు సాయంత్రం కూడా నిచ్చెన వేయించుకుని షెడ్డు కప్పు చూశారు. వానొస్తే ఎక్కడ కారుతుందో నాకు చూపించారు. ఆ షెడ్డు సంగతి చెప్పకుండా ఆయన గురించి రాయడం నాకు చేతకాదు.

రాజోలు వైపు ఒక కాలువ మీద లాకుల దగ్గర ఆయన ఉద్యోగం. పడవలు దాటడానికి తలుపులు ఎత్తించడం, నీటిమట్టం చూసి పైవాళ్లకి చెప్పడం. నేను విలేకరినైన కొత్తలో గోదావరికి వరదొచ్చింది. కాలువ పొంగిపోయిందని విని ఆయన దగ్గరికి పరుగెత్తాను.

"ఎవరు చెప్పేరండీ?" అన్నారు.

"అందరూ అంటున్నారండి."

"అననివ్వండి. స్కేలు మీద నీళ్లు ఎక్కడున్నాయో మీరు చూసేరా?"

నన్ను గట్టు దింపి, రాతి మీద చెక్కిన గీతల పక్కన నిలబెట్టారు. నీళ్లు ప్రమాదపు గీతకి కిందే ఉన్నాయి. ఆ వేళ ఉన్నది ఉన్నట్టు రాశాను. తరవాత ఉద్యోగమంతా ఆ అలవాటు మీదే నడిచింది. ఆ రుణం చెప్పుకోవడానికి ఇంతకంటే వేరే మాట లేదు.

నేనాయన్ని బాబాయిగారు అని, ఆయన భార్యని పిన్నిగారు అని పిలిచేవాణ్ణి. వాళ్లకి పిల్లల్లేరు. పిన్నిగారికి కీళ్లవాతం, బస్సులో కూర్చుంటే దిగలేరు. ఆవిడకి ఉన్నది ఒకటే కోరిక, కొండ చూడాలని. బయటివాళ్లకి నవ్వు రావచ్చు. కోనసీమలో కొండ మాట అటుంచి, నేల తవ్వితే రాయి కూడా తగలదు. మాకు గట్టంటే కాలువ గట్టే. ఆవిడ పుట్టింది కపిలేశ్వరపురం దగ్గర గోదావరి లంకలో, మెట్టింది ఇక్కడ. కొండని క్యాలెండర్ల మీద తప్ప చూడలేదు.

తొంభైల నడిమిలో బాబాయిగారు రిటైరయ్యారు. పెళ్లిళ్లకి తిప్పే పాత వ్యాను ఒకటి కొని, మండపేటలో సీట్లు తీయించి, ఆవిడ పడుకోవడానికి మంచం బిగించారు. స్టవ్వుకి ఒక అర, నీళ్లకి ఒక డ్రమ్ము, కిటికీకి పిన్నిగారు కుట్టిన పూల కర్టెను. ఊళ్లో అంతా వచ్చి చూశారు. "సూపర్నెంటు గారు కొంపకి చక్రాలేయించేరండోయ్! ఇంక ఇంటిపన్నెవరికి కడతారో!" అని నవ్వారు. ఆయన కూడా నవ్వారు.

అరకు వెళ్దామన్నారు. అయితే ముందు షెడ్డు.

"సముద్రం దగ్గరండీ, ఉప్పుగాలి రేకుని తినేస్తుంది. పైన కొబ్బరికాయలు. ముందు దానికి నీడ, తరవాత మనకి ప్రయాణం," అనేవారు. ఈ మాట ఆయన నోట నేను ఎంతగా విన్నానంటే, ఇప్పుడు రాస్తుంటే ఆ గొంతు వినిపిస్తోంది.

షెడ్డుకి ఉన్న చోటు ఒకటే, ఇంటికీ ప్రహరీకీ మధ్య వాయవ్యం మూల. రెండోవైపు నూయి అడ్డం. ఆ మూలలో ఒక కొబ్బరిచెట్టు, మంచి కాపు మీదుంది. తాపీ మేస్త్రి కొలతలు వేసి చెట్టు దగ్గర ఆగిపోయాడు.

"ఇది తియ్యాలండీ."

"కాస్తున్న చెట్టునా? ఎలా కొడతామయ్యా! కప్పులో కంత వదిలేసి కట్టు."

"ఆయ్, కడతానండీ. కానీ చెట్టు ఊరుకోదండీ, ఊగుద్ది."

అరుగు మీద కూర్చున్న పిన్నిగారు అందుకున్నారు. "కొట్టించేద్దురూ! చెట్టుని రోజూ చూస్తూనే ఉన్నాను. కొండనే చూడలేదు."

"రెండూ ఉంటాయి లేవే," అన్నారాయన.

మా దగ్గర కాపు మీదున్న చెట్టుని కొట్టడానికి ఎవరికీ చెయ్యి రాదు. చెట్టుని లోపల ఉంచి వంటిల్లు కట్టుకున్నవాళ్లున్నారు. అయితే వంటింటి కప్పు తక్కువ ఎత్తు. వ్యాను ఎత్తైనది, కప్పూ ఎత్తుగా కట్టాలి. పైకి వెళ్లేకొద్దీ చెట్టు ఊపు ఎక్కువ. నీటిని కనిపెట్టుకుని ఉన్న మనిషి గాలిని లెక్కలోకి తీసుకోలేదు.

మొదటి ఏడు గాలికి చెట్టు కొట్టుకుని సిమెంటు రేకులు పగిలాయి. కంత పెద్దది చేయించారు. అప్పుడు వాన లోపలికొచ్చి వ్యాను మీదే పడింది. లారీ ట్యూబు కోయించి కంత దగ్గర చెట్టు మాను చుట్టూ గొడుగులా కట్టించారు. చెట్టు ఊగినప్పుడల్లా కట్టు తెగేది. ఇంకో ఏడు తుఫానుకి గోడ బీట ఇచ్చింది. ప్రతిసారీ అరకు ఒక సీజను వెనక్కి జరిగేది. "వదిలేసి వెళ్తే మనం వచ్చేసరికి షెడ్డుండదు," అనేవారు. వ్యాను తీసుకుని వెళ్లినప్పుడు ఖాళీ షెడ్డు ఏమైతేనేం అని పిన్నిగారు అడిగితే, "తిరిగొచ్చేక ఎక్కడ పెడతామే?" అన్నారు.

ఆ ఏళ్లలో పిన్నిగారు మధ్యాహ్నాలు వ్యానులోనే పడుకునేవారు. కర్టెను పక్కకి లాగితే ప్రహరీ గోడ కనిపించేది. "ఎంతవరకూ వచ్చేరు పిన్నిగారూ?" అని నేను వేళాకోళమాడితే, "తుని దాటేం నాయనా, ఇంజనుకి నీళ్లు పోస్తున్నారు," అనేవారు. తరవాత ఆయాసం మొదలైంది. వ్యాను మెట్టు ఎక్కలేకపోయారు. ఇంట్లో మంచానికి చేరారు. ఆయన మేస్త్రిని తొందరపెట్టడం మొదలుపెట్టింది అప్పుడు.

షెడ్డు పూర్తయింది. ఇనుప తలుపు బిగించిన వారానికి ఆవిడ పోయారు.

పెద్ద కార్యానికి వాన పట్టుకుంది. వ్యానుని వీధిలోకి తోసి షెడ్డులో భోజనాలు పెట్టారు. ఆ షెడ్డు మనుషులతో నిండడం నేను చూసింది అప్పుడే. చెట్టు చుట్టూ మనుషులు కూర్చుని తిన్నారు. కప్పు ఒక్క చుక్క కారలేదు. ఒక పెద్దాయన పైకి చూసి, "బాగా కట్టించేరండీ," అన్నాడు. బాబాయిగారు సాంబారు బకెట్టుతో నిలబడి ఉన్నారు. "ఆయ్," అన్నారు.

అస్థికలు అరకు వైపు తీసుకెళ్దామా, నేనూ వస్తాను, అని అడిగాను.

"ఎముకలకి కొండెందుకండీ," అన్నారు. వ్యానులోనే వెళ్లి అంతర్వేదిలో కలిపి వచ్చారు. ఆ వ్యాను చేసిన ప్రయాణం అదొక్కటే.

ఆ తరవాత ఇన్నేళ్లూ ఆయన షెడ్డు బాగుచేస్తూనే ఉన్నారు. వ్యాను టైర్లు నేలకి అంటుకుపోయాయి, ఇంజను తుప్పు పట్టింది. ట్యూబు కట్టు మాత్రం ఏటా కొత్తది. చెట్టు కొట్టించేయండని ఎవరో అంటే, ఆయన "ఇప్పుడా?" అన్నారు. దుఃఖం గురించి ఆయన నాతో మాట్లాడింది లేదు. నా దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే.

నిన్న సాయంత్రం ఆయన బంధువులు తాళంచెవి ఇస్తే వెళ్లి షెడ్డు తీశాను. పొద్దు వాలింది. చెట్టు చుట్టూ ట్యూబు కట్టు తెగిన చోట కంతలోంచి ఎండ ఏటవాలుగా దిగి వ్యాను కిటికీ మీద పడింది. కర్టెను పక్కకి లాగి ఉంది. లోపల మంచం మీద దుప్పటి, దాని మీద దిండు, దిండు మధ్యలో గుంట. ఆ గుంట ఎవరిదో నాకు తెలియదు. పైన గాలికి చెట్టు ఊగింది. ఎండ గోడ మీదికి వెళ్లి, మళ్లీ దిండు మీదికి వచ్చింది.