పిలిస్తే వచ్చిన కోళ్లు

ఆ వీధిలో అందరికీ ఆమె గుడ్లక్క. భర్త పోయాక ఇంటి వెనక ఖాళీ స్థలంలో కంచె వేసి కోళ్లు పెంచింది. పొద్దున్నే గంపలో గుడ్లు సర్దుకుని ఇల్లిల్లూ తిరిగేది. కావాలన్నవాళ్లకు కోడిని కోసి శుభ్రం చేసిచ్చేది. కొట్లో చవకగా దొరికినా వీధివాళ్లు ఆమె కోసమే చూసేవారు.

ఒక ఏడాది రోడ్డు పక్కన పెద్ద ఫారంలో కోళ్లకు తెగులు సోకింది. చుట్టుపక్కల కోళ్లన్నిటినీ, రోగం ఉన్నా లేకున్నా, చంపి పూడ్చేయాలని ఆర్డరు వచ్చింది. గుడ్లక్క పశువుల ఆసుపత్రికి పరిగెత్తి, ముందు పరీక్ష చేయమని డాక్టరు కాళ్లావేళ్లా పడింది. ఆయన మంచివాడే. కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. పరీక్షకు పంపుతాను గానీ, ఫలితం వచ్చేదాకా ఆగే వీల్లేదన్నాడు.

ఇంటికొచ్చి, రెండు పెట్టల్ని గంపలో పెట్టి గుడ్డ కప్పి, అదే వీధిలో టైలరు ఇంటికి వెళ్లింది. అతని భార్య తలుపు తీసింది. ఆ ఇంటితో ఆమెకు ఏళ్ల తరబడి సావాసం.

"చెల్లీ, వీటిని మీ స్నానాల గదిలో దాచు. మళ్లీ మొదలుపెట్టడానికి ఈ రెండైనా మిగలాలి."

లోపల చంటిపిల్ల ఏడుస్తోంది. టైలరు భార్య తలుపు వదల్లేదు.

"పసిది ఉందక్కా. దానికేమన్నా అయితే..." అని మిగతా మాట మింగేసింది.

గుడ్లక్కకు కోపం రాలేదు. తానైనా అదే అనేది. కోపమొచ్చినా కాస్త బాగుండేది. గంపెత్తుకుని వచ్చిన దారినే వెళ్లిపోయింది.

మర్నాడు ముసుగులు వేసుకున్న మనుషులు సంచులతో దిగారు. కోళ్లు బెదిరి చెల్లాచెదురయ్యాయి. ఒకటి కంచెలో ఇరుక్కుని రెక్క విరగ్గొట్టుకుంది. గుడ్లక్క చూడలేకపోయింది.

"మీరు ఆగండి బాబూ. నేను పిలుస్తాను."

ఆమెకూ ముసుగు, చేతి తొడుగులు తగిలించారు. ఇన్ని నూకలు చల్లి, రోజూ పిలిచినట్టే పిలిచింది. మొహం కనబడకపోయినా గొంతు గుర్తుపట్టి అన్నీ వచ్చాయి. ఒక్కోదాన్నీ రెక్కలు ముడిచి వాళ్ల చేతికందించింది. ఏదీ గింజుకోలేదు. అంతా అయ్యాక గోడకానుకుని కూలబడింది. ముసుగు తీసుకోవాలని కూడా తోచలేదు.

కొన్నాళ్లకు డాక్టరే వెతుక్కుంటూ వచ్చాడు. ఆమె కోళ్లకు రోగం లేదని తేలిందట.

"నాకు చెప్పకుండా ఉండాల్సింది బాబూ," అంది.

పరిహారం ఇదిగో అదిగో అన్నారు. టైలరు భార్య వచ్చి పక్కన కూర్చుని, మళ్లీ నాలుగు కోడిపిల్లలతో మొదలుపెట్టమంది. గుడ్లన్నీ తామే కొంటామంది.

"పిలిస్తే నమ్మి వచ్చాయి చెల్లీ. మళ్లీ ఏ నోటితో పిలవను?"

ఆ తర్వాత గుడ్లక్క బస్టాండు హోటల్లో గిన్నెలు తోమే పనికి కుదిరింది. ఇప్పటికీ అక్కడే చేస్తోంది.