లైటు పట్టే మనిషి

జూన్ మొదటి శనివారం వచ్చిందంటే కెమియార్వి ఊళ్లో ఫొటోలు తీసే ఇర్యాకు ఊపిరి సలపదు. బడి చివరి పరీక్ష గట్టెక్కిన పిల్లలంతా ఆ దేశపు ఆనవాయితీ ప్రకారం తెల్లటోపీలు పెట్టుకుని, ఫొటోలు దిగడానికి సరస్సు ఒడ్డుకు వస్తారు. ఆ టోపీకి ముందు నల్లటి అంచు ఉంటుంది. దాని నీడ సరిగ్గా కళ్ల మీద పడి, బంగారంలాంటి పిల్ల కూడా దొంగలా కనిపిస్తుంది. అందుకని ఇర్యా ఫ్లాష్‌ను కెమెరా మీద పెట్టదు, పక్కనుంచి, కాస్త కిందుగా పట్టిస్తుంది. స్టాండుకు తగిలిస్తే సరస్సు గాలి దాన్ని నిలవనివ్వదు. ఇంక పట్టేది ఎవరంటే, పిల్లల వెంట వచ్చినవాళ్లే.

"లైటెవరు పడతారు?" అన్నదే ఆమె మొదటి మాట. "తాతగారూ, మీరా? గాలానికి చేప పడ్డట్టు ఊపెయ్యకండి మరి!" అని ఆటపట్టిస్తుంది. ముప్ఫై ఏళ్లుగా ఊళ్లో అమ్మలూ అత్తలూ అందరూ ఆమె లైటు పట్టినవాళ్లే. ఇంటికొచ్చి ఆమెతో కాఫీ తాగేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

ఆ ఏడు అందరికన్నా చివర వచ్చినవాడు ఒస్మో. అరవై తొమ్మిదేళ్లు. బతుకంతా రంపపు మిల్లులో గడిపి, పింఛను పుచ్చుకున్నాక పెద్దల బడిలో చేరి పరీక్ష నెగ్గాడు.

"లైటెవరు పడతారు?" అనేసింది ఇర్యా అలవాటు కొద్దీ. అన్నాక నాలుక కరుచుకుంది.

ఒస్మో వెనక్కి తిరిగి చూశాడు, ఎవరైనా వచ్చారేమో అన్నట్టు. "నేనే పట్టుకుంటా లెండి. చెయ్యి పొడుగే."

ఫొటో బాగా వచ్చింది. కళ్లు కుర్రాడి కళ్లలా మెరిశాయి. కానీ చాచిన చెయ్యి ఫొటో అంచు దాకా సాగింది.

"చెయ్యి కత్తిరించి ముఖం వరకే ఉంచుతా," అంది ఇర్యా.

"వద్దు, ఉండనివ్వండి. ఎవరి భుజం మీదో చెయ్యేశాననుకుంటారు చూసినవాళ్లు." నవ్వాడు. ఇర్యాకు నవ్వు రాలేదు.

అతను కాసేపు తన బూట్ల కేసి చూసుకున్నాడు. "ఆ కెమెరా, దానంతటదే తీస్తుందా?"

"తీస్తుంది. పది సెకన్లు టైమిస్తుంది."

"ఎక్కడైనా పెట్టాలి కాబోలు."

"ఆ బండ మీద నిలుస్తుంది."

"బండ బానే ఉంది."

ఇర్యాకు అర్థం కాలేదనుకునేరు. మొదటి మాటకే అర్థమైంది. జన్మలో ఒక్క ఫొటోలోనైనా ఒకరి పక్కన నిలబడాలని ఉంది ఆమెకు. అతను అడిగితే బావుండునని ఆమె, ఆమె రమ్మంటే బావుండునని అతను. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నిజమే గానీ, అడగడమంటే ఈ ఊరివాళ్లకు ప్రాణం మీదికొచ్చినట్టే. పాడు మొహమాటం! ఇద్దరూ ఆ బండను చూస్తూ నిలబడ్డారు.

"గాలి పెరుగుతోంది," అన్నాడు చివరికి ఒస్మో.

"అవును, పెరిగింది," అంది ఇర్యా.

అతను టోపీ తీసి చంకలో పెట్టుకుని, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు ఫొటో అచ్చు వేసింది. చెయ్యి కత్తిరించలేదు. ఆ చెయ్యి కింద ఒక మనిషి పట్టేంత చోటుంది. వేలు పెట్టి కొలిచి చూసుకుంది, తన తల అతని భుజం దాకా వచ్చేది. ఫొటోను కవరులో పెట్టి చిరునామా రాసింది. ఒస్మో ఇల్లు నాలుగు వీధుల అవతలే. నడిచి వెళ్లి చేతికిస్తే, కాఫీ తాగి వెళ్లమంటాడు కూడా. ఇర్యా కవరుకు స్టాంపు అంటించి పోస్టు డబ్బాలో వేసింది.